రెండు సంతల మధ్య కుందేలు

ఒక పెద్ద అడవిలో, సింహానికే సరిహద్దు తెలియనంత పెద్ద అడవిలో, కొండకు తూర్పున ఒక సంత, పడమట ఒక సంత ఉండేవి. రెండింట్లోనూ ఇప్పపూలే సరుకు. బుట్ట ధర ఒక తేనెపట్టు ముక్క. ముందు ఎవరి కాలు పడితే బుట్ట వాళ్ళది. చెప్పేవాడికే అర్థమైందంటే వినేవాళ్ళకు కష్టమేమీ ఉండదు.

ఎలుగుబంటి భూషణం తూర్పు సంతకొచ్చి, "పది బుట్టలు కావాలోయ్" అనేవాడు. అక్కడ రెండే ఉండేవి. మిగతా ఎనిమిదికి కొండ చుట్టూ నడిచి పడమటి సంతకు వెళ్ళేవాడు. ఆలోగా కుందేలు చెంగయ్య పరుగెత్తి ఆ ఎనిమిదీ కొనేసేవాడు.

"బుట్ట ముక్కన్నర, పెద్దయ్యా!"

"ఇందాక ఒకటన్నారు కదరా?"

"ఇందాక వేరు, ఇప్పుడు వేరు. నాలాంటివాడు పరుగెత్తబట్టే సంత బతికుంది!"

అలా వంద ముక్కలు వెనకేశాడు. అంతలో ఒక చిలుక కొండ మీదుగా ఎగిరి, అతనికన్నా ముందే ఆ బుట్టలు కొనెయ్యడం మొదలెట్టింది.

"ఏం బావా, ఇంకా కాళ్ళేనా?" అంది.

చెంగయ్యకు ఒళ్ళు మండింది. కొండలోంచి తిన్నగా సొరంగం తవ్వమని పందికొక్కులను పిలిచాడు. పౌర్ణమికి వంద ముక్కలు కూలి. ఇవ్వకపోతే చెంగయ్య బొరియ వాటిది.

"ఐదుగురు పిల్లలయ్యా, బొరియ పోతే ఎక్కడ పెడతావు?" అంది పెళ్ళాం గౌరాంబ.

"పిచ్చిదానా, రెండు రెప్పపాట్లు కలిసొస్తాయే!"

"రెప్పపాట్లు కూర వండమంటావా?"

సొరంగం పూర్తయింది. కానీ చిలుక, భూషణం "పది" అనేదాకా ఆగడం మానేసింది. "ప" అనగానే ఎగిరేది. ఇక మాటతో పనేముంది అనుకున్నాడు చెంగయ్య. నోరు తెరిస్తే చాలు, దూకడమే.

పౌర్ణమి నాటి పొద్దున భూషణం నోరు తెరిచాడు.

చెంగయ్య సొరంగంలో దూకాడు. అతని తోక కదలడం చూసి చిలుక లేచింది. పడమటి సంతలో వీడు కొన్నది అది కొంది, అది కొన్నది వీడు కొన్నాడు. బుట్ట ధర ఒకటి రెండైంది, రెండు ఐదైంది. చిలుక తప్పుకునేసరికి ఆ రోజు సంతకొచ్చిన ఇరవై బుట్టలూ చెంగయ్యవి, అతను కూలికి దాచిన వంద ముక్కలూ చిలుకవి.

భూషణం ఎంతకీ రాలేదు. చెంగయ్యే ఎదురెళ్ళాడు.

"ఎన్ని బుట్టలు పెద్దయ్యా?"

"ఏం బుట్టలురా?"

"ఇందాక నోరు తెరిచావుగా!"

"ఆవలించాన్రా. పూలు నేనే చెట్టు కింద ఏరుకుంటున్నా, నాలుగు రోజులైంది."

"మరి సంతకెందుకొచ్చావు?"

"మీ పరుగులు చూడ్డానికి. భలే కాలక్షేపం."

సాయంత్రానికి పందికొక్కులు బొరియలోని గడ్డిపరుపులు బయట పడేశాయి. గౌరాంబ పిల్లలను వేసుకుని ముళ్ళపొద కింద కూర్చుంది. చెంగయ్య సింహం దర్బారుకు పరుగెత్తాడు.

సింహానికి సంగతి అర్థం కాలేదు గనక గంభీరంగా తల ఊపింది. మంత్రి నక్క తీర్పు చదివింది: "చెంగయ్యలాంటివాళ్ళు పడిపోతే సంతే పడిపోతుంది. కొనే ఉద్దేశం లేకుండా సంతలో నోరు తెరవడం నేరం. భూషణం గుహ చెంగయ్యకు ఇవ్వడమైనది."

గుహ విశాలంగా ఉంది. పిల్లలు ఐదుగురూ అప్పుడే పరుగుపందెం మొదలెట్టారు. బయట వానలో భూషణం మూట నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు.

నీతి: సంతలో ఆవలింత వస్తే మింగెయ్యాలి.