అయిదు సీట్ల కారులో తొమ్మిదో మనిషి

కారులో అయిదుగురే కూర్చోవాలన్నవాడు ఎవడోగానీ, వాడికి బావమరుదులు లేరు!

నాది కాటాలు అమ్మే కొట్టు. ముప్పై ఏళ్లుగా తూకం మీదే బతుకుతున్నాను కాబట్టి లెక్కగానే చెబుతాను. కారు అయిదుగురితో వెళ్లినా అదే రోడ్డు, తొమ్మిదిమందితో వెళ్లినా అదే రోడ్డు. మిగతా నలుగురూ ఉచితమే కదా? ఇంతకంటే లాభసాటి బేరం ఉందా?

క్షేమం అంటారా? పక్కవాడి మోచేయి డొక్కలో దిగబడి ఉన్న మనిషి కదలమన్నా కదలడు. వాడికి సీటు బెల్టు దేనికి? ఇక ఎయిర్‌బ్యాగ్. మా పెద్ద బావమరిదిని ముందు సీట్లో కూర్చోబెడితే ఆ అవసరమూ లేదు. ఆయన ముందే ఉబ్బి ఉంటాడు. ఆయన ఒళ్లో మా మూడేళ్ల మనవరాలు. తొమ్మిదో మనిషి. పద్నాలుగు కిలోలు, లెక్కలోకే రాదు.

కుటుంబ ఐక్యత మాటేమిటి? ఏడాదిగా పలకరింపుల్లేని మా ఆవిడా, మా మరదలూ మొన్న వెనక సీట్లోనే కలిసిపోయారు.

"కాస్త జరుగక్కా."

"జరగడానికి చోటెక్కడ ఏడిసింది? నా ఒళ్లోకి రా."

ఆ రోజే ట్రాఫిక్ పోలీసు ఆపాడు. తలలు లెక్కపెడుతూ ఏడు దగ్గర లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టాడు.

"ఇంకా ఎవరైనా ఉన్నారాండీ?"

"డిక్కీలో మా తమ్ముడున్నాడు. పడుకున్నాడు, లేపకండి."

జరిమానా రాశాడు. తొమ్మిదితో భాగిస్తే తలకి పడింది చాలా తక్కువ. అయిదుగురితో వెళ్లేవాడికి ఈ సౌకర్యం ఉందా? నలుగురిని దించి ఆటోలో పంపమన్నాడు. దించాను. ఆయన అటు తిరగ్గానే ఎక్కించాను.

వంతెన దిగుతుంటే ముందు లారీ ఆగింది. బ్రేకు తొక్కాను. అయిదుగురితో అయితే ఆగే కారే. తొమ్మిదిమందితో ఇంకో రెండు గజాలు కావాలంది. లారీ ఇవ్వలేదు.

మనవరాలి నుదుటి మీద నాలుగు కుట్లు.

"పట్టుకునే ఉన్నాను బావా," అంటాడు పెద్ద బావమరిది ఇప్పటికీ, చేతులు చూసుకుంటూ. "పద్నాలుగు కిలోలే గదా. ఆ క్షణాన బస్తా అయిపోయింది."

వారం తర్వాత కొట్లో ఒకాయన యాభై కిలోల కాటా మీద అరవై కిలోల మూట పెట్టాడు. గల్లా వదిలేసి పరిగెత్తాను.

"దించండి బాబూ, స్ప్రింగు పోతుంది. బోర్డు కనబడట్లేదా?" అంటూ గోడ వైపు చెయ్యి చూపించాను.

గోడకి మేకు మాత్రమే ఉంది. 'పరిమితికి మించి బరువు పెట్టరాదు' అన్న బోర్డు లేదు.

సాయంత్రం దొరికింది. రిపేరు షెడ్డు నుంచి వచ్చిన కారులో, అద్దానికి వేలాడుతూ. మా ఆవిడ పని.

"మరి కొట్లో కాటాకి?" అన్నాను.

"దానికోసం అరవడానికి మీరున్నారుగా," అంది.