రెండు అర్జీల గంగయ్య

గోదావరికి ఆనకట్ట కట్టిన కొత్తలో, కాలవల తవ్వకం లంకల్లోకి దిగిన రోజుల మాట. ఒక మంగళవారం పొద్దున్నే గంగయ్య చద్దన్నం తిని, ఉతికిన పంచె కట్టుకుని, రాజోలు ప్రయాణానికి సిద్ధమయ్యాడు. అక్కడ మామిడితోటలో గుడారం వేసుకున్న కాలవల దొరకు ఒక అర్జీ ఇవ్వాలి, సంతలో ఎండుమిరపకాయలు కొనాలి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయాలి. అతని ఏర్పాటు అంతే.

అర్జీ పడవల గురించి. గంగయ్య ఉండే లంకలో చేపలు పట్టే పడవలు పన్నెండున్నాయి. సరిగ్గా చేపలు పడే కాలం వచ్చేసరికి తాలూకా బంట్రోతులు దిగి, కాలవ పనికి రాయీ సున్నమూ మోయాలంటూ వాటిని వెట్టికి పట్టుకుపోయేవారు. పడవ పోయిన ఇంట్లో నెలల తరబడి పొయ్యి సరిగా వెలిగేది కాదు. ఆ బాధ పడలేక రేవువాళ్ళంతా కలిసి ఒక సభ పెట్టుకున్నారు. పెట్టుకున్న వారానికే అది రెండు పక్షాలైంది.

ఒకటి తాతారావుది, నెమ్మదస్తుల పక్షం. తాతారావు పెద్దవాడు, రెండు పడవల ఆసామీ, కచేరీ అరుగు మీద ఎంతసేపు నిలబడాలో తెలిసినవాడు. దొరలను మర్యాదగా బతిమాలి, సగం పడవలు వదిలించుకుంటే చాలనేవాడు. ఆ సగంలో తన రెండూ ఉంటాయన్న సంగతి వేరే చెప్పేవాడు కాదు. రెండోది పోతురాజుది, గట్టివాళ్ళ పక్షం. ఒక్క పడవ కూడా ఇవ్వకూడదని, ఉప్పు పన్ను ఎత్తేయాలని, పాలేర్ల చేత వెట్టి చేయించకూడదని, బీదవాడి రాజ్యం రావాలని అతని వాదం. బీదవాళ్ళ మాట ఎత్తితే అతని గొంతు ఏటి అవతలికి వినిపించేది. తన వల లాగే కూలివాళ్ళు కాసేపు నడుం వాల్చితే మాత్రం ఆ గొంతు ఇంకా దూరం వెళ్ళేది.

పదకొండు నెలలపాటు సభ అర్జీలోని మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. "వేడుకుంటున్నాము" అనాలని తాతారావు, "చెబుతున్నాము" అనాలని పోతురాజు. ఈలోగా బంట్రోతులు రెండుసార్లు వచ్చి పడవలు పట్టుకుపోయారు. రెండుసార్లూ సభ్యులు రేవు గట్టున నిలబడి, ఆ మాట గురించే తర్కించుకుంటూ వాటిని సాగనంపారు.

ఇలాంటి సభకు ఒక్క పడవ ఆసామీ గంగయ్య పెద్ద. ఎవరి మాటకూ కాదనకపోవడమే అతనికున్న యోగ్యత. ఎవరేమన్నా "ఆయ్" అనేవాడు. అది తన మంచితనమని గంగయ్య నమ్మకం. అతని భార్య చిట్టెమ్మ అభిప్రాయం వేరు.

"కాదంటే ఎందుకని అడుగుతారు. దానికి జవాబు చెప్పాలి. అదీ నీ బాధ," అనేదామె.

ఆ పొద్దున అతను చెప్పుల్లో కాళ్ళు పెడుతుండగా తాతారావు వచ్చి, తన అర్జీ చేతిలో పెట్టి, దొరకు ఇదే ఇవ్వాలన్నాడు. గంగయ్య ఆయ్ అన్నాడు. ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో పెరటి దారిన పోతురాజు వచ్చి, తన అర్జీ ఇచ్చి, ఇది తప్ప వేరేది ఇవ్వకూడదన్నాడు. గంగయ్య దానికీ ఆయ్ అన్నాడు. ఒకటి తలపాగాలో, ఒకటి నడుముకు దోపుకున్నాడు. దొర దగ్గర సభ గెలుపు కళ్ళారా చూడాలని ఇద్దరు నాయకులూ అదే పడవ ఎక్కి, ఒకరు ఈ కొసన, ఒకరు ఆ కొసన కూర్చున్నారు. ఇద్దరి ముఖాలూ ప్రశాంతంగా ఉన్నాయి. మధ్యన గంగయ్యకే చెమటలు పట్టాయి.

రాజోల్లో దిగాక ఊరికి ఒక్క అర్జీయే తీసుకుంటారని తెలిసింది. గంగయ్య, మిరపకాయల నెపం చెప్పి, అర్జీలు రాసే పంతులుగారి దగ్గరికి పరుగెత్తాడు. రెండు కాగితాలూ ఆయన ముందు పెట్టి, రెంటినీ ఒకటిగా రాయమని, ఎవరి మాటా పోకూడదని వేడుకున్నాడు.

పంతులుగారు రెండూ చదివారు. "ఇవి ఒకదానితో ఒకటి పొసగవయ్యా. ఫర్వాలేదా?"

"ఆయ్," అన్నాడు గంగయ్య.

పంతులుగారు వాదించే మనిషి కాదు. ఇందులో ఒక ముక్కా అందులో ఒక ముక్కా వరసగా ఎక్కించి, సిరా ఆరడానికి ఇసక చల్లి ఇచ్చేశారు.

గుడారంలో దొర బల్ల వెనక కూర్చున్నాడు. దొరకు మాటలు తర్జుమా చేసే దుబాసీ అర్జీ విప్పి, ముందు తెలుగులో పైకి చదివాడు. "మహారాజరాజశ్రీ దొరవారి పాదపద్మములకు లంక పడవలవాళ్ళు సాష్టాంగపడి చేసుకునే విన్నపం. ఇకమీదట మీ మాట వినబోము. తమరు మాకు తండ్రివంటివారు. మా పడవ ముట్టుకున్న చెయ్యి చెయ్యిగా ఉండదు. తమ దయవల్ల పిల్లాపాపలతో సుఖంగా ఉన్నాము. మా పిల్లలు ఆకలికి మలమల మాడుతున్నారు. ఆరు పడవలు వదిలితే చాలును. పన్నెండూ వదిలి తీరవలెను."

దుబాసీ ఆగి, కాగితం తిప్పి వెనకవైపు చూశాడు.

"పాదపద్మాలు మేం రాయలేదండి," అన్నాడు పోతురాజు.

"చెయ్యి సంగతి మాది కాదండి. మేం మర్యాదస్తులం," అన్నాడు తాతారావు.

మర్యాదస్తులంటే ఎవరి బూట్లు తుడిచేవాళ్ళో పోతురాజు వివరించాడు. గట్టివాళ్ళంటే ఎవరి కల్లు తాగి అరిచేవాళ్ళో తాతారావు వివరించాడు. దొర బల్ల చరిచి ఇద్దరినీ బయటికి పంపేయమన్నాడు. బయట ఒకరి తలపాగా ఒకరి చేతికి వచ్చింది. విడదీయబోయిన బంట్రోతులు చెరో పక్కా చేరి వాళ్ళూ కలబడ్డారు. చివరికి దుబాసీ కూడా కండువా బిగించుకుని వెళ్ళక తప్పలేదు.

గుడారంలో దొర, గంగయ్య మిగిలారు. దొర అతన్ని ఎగాదిగా చూసి, తన భాషలోనే ఏదో అడిగాడు. క్షేమసమాచారం కాబోలనుకుని గంగయ్య ఆయ్ అన్నాడు. దొర ఉలిక్కిపడి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. బల్ల మీద పటం పరిచి, ఏరు చూపించి, ఇంకేదో అడిగాడు. ఆయ్. వేళ్ళ మీద పన్నెండు లెక్కపెట్టి చూపించాడు. ఆయ్. ఆకాశం చూపించి, చేతులతో వాన కురిపించాడు. ఆయ్. అడిగినకొద్దీ దొర ముఖం విప్పారింది. ఆఖరికి లేచి వచ్చి గంగయ్య చెయ్యి పట్టి ఊపాడు. పుట్టి బుద్ధెరిగాక తనను ఇంతగా అర్థం చేసుకున్న మనిషి మరొకడు లేడనిపించి, గంగయ్యకు కళ్ళు చెమర్చాయి.

చిరిగిన కండువాతో తిరిగొచ్చిన దుబాసీకి దొర ఒక హుకుం రాసిచ్చాడు. దుబాసీ దాన్ని తోటలో అందరి ముందూ చదివి చెప్పాడు. లంకవాళ్ళు తమంతట తామే ఇష్టపడి, వానలు పడేదాకా పన్నెండు పడవలనూ కాలవ పనికి ఇచ్చారు. అందుకు మెచ్చి దొరవారు ఊరి రాకపోకలకు ఒక పడవ వదులుతున్నారు. అది ఎవరిదో గంగయ్య తేలుస్తాడు. నేటినుంచి అతనే పడవల సర్దారు.

"దొరగారు అడిగినప్పుడు ఏమన్నారండీ మీరు?" అన్నాడు దుబాసీ, గంగయ్యకు ఇత్తడి బిళ్ళ తగిలిస్తూ.

"ఆయ్ అన్నానండి."

"దొరగారి తాతతండ్రులంతా ఓడల మీద బతికినవాళ్ళు. ఓడవాళ్ళు అవునని చెప్పడానికి అదే మాట అంటారంట. మీకు ఇంగ్లీషు వచ్చనుకున్నారు."

తిరుగు ప్రయాణంలో నాయకులిద్దరూ గంగయ్యను పల్లెత్తు మాట అనలేదు. అతనికి అందుకే ఎక్కువ భయం వేసింది. మిగలబోయే ఒక్క పడవ గురించి ఇద్దరూ ఆలోచిస్తున్నారని అతనికి ఇల్లు చేరాక గాని తెలియలేదు. ముందు పోతురాజు వచ్చి, తన ఇంట్లో ముసలితల్లి ఉందని, పడవ వదలమని మెల్లగా చెప్పాడు. అతని గొంతు అంత మెల్లగా పలకగలదని అంతవరకూ ఎవరికీ తెలియదు. తరవాత తాతారావు వచ్చి తన వయసు గుర్తుచేశాడు.

"ఇద్దరికీ ఒప్పుకున్నావు," అంది చిట్టెమ్మ. "ఉన్నది ఒకటి. మన పడవ సంగతి ఎవరికి ఒప్పుకున్నావు?"

గంగయ్య ఆయ్ అనబోయి ఆగి, ఇత్తడి బిళ్ళను పంచె కొసతో తుడవసాగాడు.

గురువారం బంట్రోతులు వచ్చేసరికి, ముందు అడిగినందుకు మినహాయింపు దొరికిన పోతురాజు పడవ గంగయ్య పెరట్లో, కొబ్బరి మట్టల కింద భద్రంగా ఉంది. రేవులో ఉన్నవి మిగతా పదకొండు. తాతారావువి రెండూ ముందు కదిలాయి. ఆయన కోరినంత మర్యాదగానే పట్టుకెళ్ళారు. గంగయ్య బిళ్ళ పెట్టుకుని తన పడవను తానే నడిపించుకుపోయాడు.

మర్నాడు సభ కూడింది. తాతారావు లేచి, అర్జీలు చేతకానివాళ్ళు రాసుకునేవని, ఇకమీదట రేవులో అడుగుపెట్టిన బంట్రోతును తెడ్డుతో పలకరించాలని, బీదవాడి ఉసురు ఊరికే పోదని గర్జించాడు.

"తొందరపడకూడదు బాబాయిగారూ," అన్నాడు పోతురాజు. "దొరలు కాదనే మనుషులు కారు. మనం నెమ్మదిగా, పద్ధతిగా అడగాలి. ఒక్క పడవ వదిలేరు కదండీ. అది మాత్రం తక్కువా?"

రెండు పక్షాలవాళ్ళూ ఎప్పటిలాగే తమ నాయకుడి మాటకు చప్పట్లు కొట్టారు. నిన్నటిదాకా దేనికి కొట్టారో ఎవరూ అడగలేదు. పడవలు లేని ఇళ్ళలో ఏం తినాలని చిట్టెమ్మ అడిగింది. అది ఈనాటి చర్చలో లేదని ఇద్దరు నాయకులూ ఒక్క గొంతుతో చెప్పారు. సభ పుట్టాక వాళ్ళు ఏకీభవించిన మొదటి విషయం అది.

పడవలు లేని మూడు నెలలూ ఆడవాళ్ళు ఉప్పునీటి బురద పర్రల్లో పీతలు పట్టి ఇళ్ళు నడిపారు. తరవాత వానలు పడ్డాయి, కాలవ పని ఆగింది, పడవలు తిరిగొచ్చాయి. రెండు పక్షాలూ వేరువేరు పందిళ్ళు వేసి, తమ విజయానికి ఊరేగింపులు తీశాయి.