ఇటలీ బందీ

ఆ ఆదివారం బంగారురాజు పెట్టుకున్న పని చాలా చిన్నది. జగదల్‌పూర్ రైల్వే కాలనీలోని తన క్వార్టరు నుంచి దలపత్ సాగర్ చెరువు గట్టు దాకా, నాలుగు కిలోమీటర్లు, పొద్దున్న పదింటి లోపల తన మోటార్‌సైకిల్ మీద వెళ్లాలి. ఆ మోటార్‌సైకిల్ ఇటలీది. యాభై ఏళ్ల కిందట పందేల కోసం పుట్టింది. రెండు సిలిండర్లు, ఎర్రటి ట్యాంకు. గంటకు రెండు వందల కిలోమీటర్లు పోతుందని దానితో వచ్చిన పుస్తకంలో ఉంది. నాలుగు కిలోమీటర్లు పోతుందని మాత్రం ఎక్కడా రాసి లేదు.

గట్టు మీద నెలకోసారి పాత బండ్ల సంఘం కూడుతుంది. సభ్యులు ఆరుగురు. అధ్యక్షుడు సత్యమూర్తి రిటైరైన లెక్కల మాస్టారు, దిద్దకుండా ఏ కాగితాన్నీ వదలని మనిషి. బండి తన ఇంజను మీద తానే రావాలి, వరుసగా మూడుసార్లు అలా రాకపోతే సభ్యుడి పేరు కొట్టెయ్యాలి అన్న నియమం ఆయన పెట్టిందే. గత రెండు నెలలూ రాజు బండి మినీ లారీ ఎక్కి వచ్చింది. ఇది మూడోసారి. బస్తర్ మొత్తం మీద బంగారురాజు కార్బురేటరు కబుర్లు వినేవాళ్లు ఆ అయిదుగురే. ఇంట్లో ఆ మాటెత్తితే భార్య నూకాలమ్మ టీవీ సౌండు పెంచుతుంది. ఆ సంఘం కూడా పోతే తనకిక ఆదివారమన్నదే లేదని అతనికి బెంగగా ఉంది.

పొద్దున్న ఏడుకి పెరటి వరండాలో నిలబడి మెకానిక్ మంగ్లూకి ఫోన్ చేశాడు. మంగ్లూకి తెలుగు రాదు కాబట్టి హిందీలో మాట్లాడాడు. విజయనగరం నుంచి వచ్చి ఇరవై రెండేళ్లయినా అతని హిందీలో ఒక్క మాట మాత్రం తెలుగుగానే ఉండిపోయింది. హిందీవాళ్లు ఏ వాహనాన్నయినా గాడీ అంటారు. సిగ్నళ్ల దగ్గర పనిచేసే బంగారురాజుకి గాడీ అంటే రైలు. పట్టాలు లేనిదాన్ని గాడీ అనడానికి అతనికి నోరు రాదు. అందుకని హిందీలో కూడా మోటార్‌సైకిల్‌ని "బండీ" అనే అంటాడు.

గోడ అవతల పక్క క్వార్టరులో రీనా బట్టలు ఆరేస్తోంది. ఆమె భర్త ప్రకాష్ స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ల రాకపోకలు చెప్పే ఉద్యోగి. రీనా రాయ్‌పూర్ నుంచి వచ్చి రెండు నెలలైంది. బండి అన్న మాట ఆమె ఎప్పుడూ వినలేదు. డకారం కాస్త మెత్తబడి ఆమె చెవిలో "బందీ" అని పడింది. రాయ్‌పూర్ కాలేజీ కుర్రకారు భాషలో బందీ అంటే అమ్మాయి.

రాజు హిందీని తెలుగులో పెడితే ఆమెకు వినబడింది ఇది: "ఇటలీ బందీ కదా మంగ్లూ, యాభై దాటేశాయి. ఈ మంచులో పొద్దున్నే లేవదు. నాలుగు తన్నులు తంతే గాని దారికి రాదు. స్టోర్ రూములో పెట్టి తాళం వేశాను. గొలుసు నిన్ననే బిగించాను. కింద పళ్లెం కూడా పెట్టాను. రెండు రోజులుగా చుక్క పొయ్యలేదు. ఈ రోజు పదింటికి నలుగురి ముందు నిలబెట్టకపోతే నా పరువు పోతుంది."

రీనా చేతిలోని తడి చొక్కా మళ్లీ బకెట్లో పడింది.

తొందరపడి ఎవరినీ అనకూడదని ఆమె ముందు నూకాలమ్మ దగ్గరికే వెళ్లింది. "ఆంటీ, మీ ఇంట్లో ఇటలీ బందీ ఉందా?" అని హిందీలో మెల్లగా అడిగింది.

"ఉన్నాది. పదకొండేళ్లయింది," అంది నూకాలమ్మ ఉల్లిపాయలు తరుగుతూ, సగం హిందీ సగం తెలుగు కలిపి. "ఆదివారమొస్తే దానికి స్నానం, నూనె, షికారు. మొన్న నా పట్టుచీర తీసుకెళ్లి దానికి కప్పినాడు."

"మీరేమీ అనరా?"

"ఏటంటాను? మొదట్లో ఏడిసినాను. ఇప్పుడు అలవాటైపోనాది. మా అమ్మయితే, పోనీలే, తాగుడు లేదు కదా అన్నాది."

నూకాలమ్మ కళ్లు తుడుచుకుంది. అవి ఉల్లిపాయల కన్నీళ్లని రీనాకి తోచలేదు. ఇంటికి పరిగెత్తి మహిళల సహాయానికిచ్చిన నంబరుకి ఫోన్ చేసింది. అటువైపు ఫోన్ తీసినావిడ పద్ధతిగా పెరిగిన మనిషి. ఆమెకు బందీ అంటే నిఘంటువులో ఉన్న ఖైదీ అన్న అర్థమే తెలుసు. చిలికి చిలికి గాలివాన అయిందంటారే, అది ఇలాగే అవుతుంది. అరగంటలో ఠాణాకి చేరిన కాగితం మీద ఇలా ఉంది: ఇటలీ బందీ. మహిళ. వయసు యాభై. స్టోర్ రూము. గొలుసు. తక్షణం హాజరుపరచాలి.

తొమ్మిదిన్నరకి మంగ్లూ, రాజు స్టోర్ రూములో చెమటలు కక్కుతున్నారు. కిక్కు కొట్టీ కొట్టీ రాజు కుడికాలు లాగేస్తోంది. బండి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. "రాజు భాయ్, మినీ లారీకి చెప్పనా?" అన్నాడు మంగ్లూ. రాజుకి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడే గేటు ముందు జీపు ఆగింది. హెడ్ కానిస్టేబుల్ లచ్చు, మహిళా కానిస్టేబుల్ నందే దిగారు. వాళ్ల వెనక రీనా, రీనా వెనక కాలనీ. బంగారురాజు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. కాగితాల తనిఖీ కాబోలనుకున్నాడు. అతని కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి.

"బందీ ఎక్కడ?" అని లచ్చు హిందీలో అడిగాడు.

"లోపల ఉంది సాబ్. ఇంకా లేవలేదు."

"బతికే ఉందా?"

"ప్రాణానికేం భయం లేదు సాబ్. గొంతులో ఏదో అడ్డం పడింది. మంగ్లూ ఊదుతున్నాడు."

నందే ఇక ఆగలేదు. అతన్ని పక్కకి నెట్టి తలుపు తోసింది. లోపల పట్టుచీర కిందికి జారి ఉంది. కింద పళ్లెంలో నల్లటి నూనె. మంగ్లూ కార్బురేటరు గొట్టం నోట్లో పెట్టుకుని తల తిప్పి చూశాడు.

లచ్చుది తెలుగు సరిహద్దున ఉన్న కోంటా వైపు. ఇంట్లో మాట్లాడేది దోర్లీ, తెలుగు. బండిని చూశాడు, కాగితం చూశాడు, మళ్లీ బండిని చూశాడు. "బందీ కాదు సారూ, బండి," అన్నాడు రాజుతో, తెలుగులోకి దిగి. "ఏందిది, ఒక్క అక్షరం కోసం జీపేసుకొని వచ్చినం."

కాలనీ అంతా ఒక్కసారి పక్కున నవ్వింది. రీనా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పరువు పోతే పోయింది, పది కాకముందే వీళ్లు వెళ్లిపోతే చాలుననుకున్నాడు రాజు. కానీ లచ్చు కదల్లేదు. "కాగితంల హాజరు పరచాలె అని ఉన్నది. బండో బందీయో, ఠాణాకి రావాలె. లేకుంటే ఈ కేసు నా మెడకు చుట్టుకుంటది."

"అది కదలదు సాబ్," అన్నాడు మంగ్లూ, ఠాణా అన్న ఒక్క మాట పట్టుకుని హిందీలో.

మళ్లీ నవ్వు. ఈసారి నూకాలమ్మకి ఒళ్లు మండింది. బండి మీద కోపం తనకుండొచ్చు. తన ఇంటి బండిని చూసి ఊరు నవ్వడమేమిటి? చీర చెంగు నడుముకి దోపుకుని వెనక సీటు మీద చెయ్యి వేసింది. "ఏటలా సూస్తన్నారు? నవ్వినోళ్లందరూ వచ్చి తొయ్యండి. నువ్వు ఎక్కి కూకో. గేరెయ్యి."

పదకొండేళ్లలో ఆమె ఆ బండిని ముట్టుకోవడం అదే మొదలు. రాజు ఎక్కి కూర్చున్నాడు. నూకాలమ్మ, నందే, రీనా, కాలనీలో సగం మంది కలిసి స్టేషన్ రోడ్డు పల్లం దాకా తోశారు. పల్లంలో రాజు క్లచ్చు వదిలాడు. పిడుగుపడినట్టు చప్పుడైంది. తోసినవాళ్లంతా పొగలో మిగిలిపోయారు.

ఠాణా దారిలోనే ఉంది. ఆపితే మళ్లీ ఎవరు తోస్తారు? రాజు ఆపలేదు. లచ్చు సైరన్ వేసి వెంటపడ్డాడు. నందే పక్కన నూకాలమ్మ జీపులో కూర్చుంది. సరిగ్గా పదికి రెండు నిమిషాల ముందు ఇటలీ బండి తన ఇంజను మీద తానే దలపత్ సాగర్ గట్టెక్కింది.

గట్టు మీద అయిదు బండ్లున్నాయి. మనుషులు లేరు. సైరన్ వినగానే సంఘం మొత్తం మాయమైంది. ఆ అయిదు బండ్లలో దేనికీ కాగితాలు సరిగ్గా లేవు మరి.

రాజు ఇంజను ఆపి అలా నిలబడిపోయాడు. ఇంత చేసి వస్తే చూసినవాడు లేడు. కాసేపటికి సత్యమూర్తి గట్టు మీది బోటు టిక్కెట్ల గది వెనక నుంచి తల బయటపెట్టి, ఏమీ ఎరగనట్టు నడిచి వచ్చాడు. "ఇద్దరు సభ్యులు కళ్లారా చూడాలి రాజుగారూ. చప్పుడు విన్నాను గాని చూడలేదు. నియమం నియమమే," అన్నాడు.

రాజు కంటే ముందు నూకాలమ్మ అందుకుంది. "నాను సూసినాను. పోలీసులు సూసినారు."

ఈలోగా లచ్చు కేసు మూసేందుకు జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాసి, ముద్ర వేసి, పైకి చదివాడు. "ఇటలీ బందీ ఉదయం తొమ్మిది గంటల యాభై ఎనిమిది నిమిషాలకు, ఎవరి బలవంతమూ లేకుండా, తన శక్తితో తానే దలపత్ సాగర్ చేరినది. ఇంటి ఆవిడకు అభ్యంతరం లేదు." నూకాలమ్మ కింద సంతకం పెట్టింది.

సత్యమూర్తి ఆ కాగితం అడిగి తీసుకుని కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇందులో బందీ అని ఉంది. బండి అని దిద్దాలి. తప్పుతో ఉన్న కాగితం మా సంఘంలో చెల్లదు."

"దిద్దుత మాస్టారూ," అన్నాడు లచ్చు నిదానంగా. "దిద్దాలంటే ఇది బండ్ల కేసు అయితది. అప్పుడు ఈడున్న బండ్లన్నిటి కాగితాలూ చూడాలె."

సత్యమూర్తి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "అర్థం తెలిశాక అక్షరంతో పనేముందండీ," అన్నాడు. సంఘం పుస్తకంలో బంగారురాజు పేరు అలాగే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి రాజు హిందీ మారింది. మోటార్‌సైకిల్‌ని అందరిలాగే గాడీ అంటున్నాడు. మొన్న స్టేషన్లో నిలబడి మంగ్లూతో ఫోన్లో "గాడీ ఈ రోజు రాదు, రెండు రోజులు పడుతుంది" అంటుంటే, పక్కనే ఉన్న రీనా భర్త ప్రకాష్ వెళ్లి మైకులో చెప్పేశాడు.