మూడో షరతు

ఆ గురువారానికి రంగుల మేస్త్రి వేసుకున్న లెక్క చాలా సులువైనది. తొమ్మిదింటికి పళ్ళ డాక్టరుగారింట్లో సంతకం, తొమ్మిదిన్నరకు గోడలు గీకడం, శనివారం సాయంత్రానికి హాలు పూర్తి. ఆదివారం ఉదయం బడి హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా వచ్చి ఆ హాలు చూస్తానన్నారు. పనితనం నచ్చితే సెలవుల్లో బడి మొత్తం, పన్నెండు గదులూ వరండాలతో సహా, మేస్త్రికే. ఇరవై ఏళ్లలో అంత పెద్ద పని అతని చేతికి రాలేదు.

సంతకం సంగతి కొత్తది. కిందటి నెల ఒకరింట్లో భర్త చెప్పిన రంగు భార్యకు నచ్చక, భార్య చెప్పింది మామగారికి నచ్చక, ఒకే గదికి మూడుసార్లు రంగు వేశాడు. ఆ ఇంటి బావమరిది కూడా బయల్దేరి వస్తున్నాడని తెలిసి, నిచ్చెన వదిలేసి వచ్చేశాడు. ఇక నుంచి అన్నీ కాగితం మీద ఉండాలని అతని భార్య పట్టుబట్టి, గుండ్రటి అక్షరాలతో మూడు షరతులు రాసి ఇచ్చింది. ఒకటి, గది ఖాళీ చేసి ఇచ్చే బాధ్యత ఇంటివారిది. రెండు, కాగితంలో ఏది మార్చాలన్నా అందరూ మళ్లీ సంతకాలు పెట్టాలి. మూడు, రంగు విషయంలో ఆ ఇంట్లో ఎవరెవరి మాట చెల్లుతుందో వారందరూ సంతకం పెట్టాలి. చివరి సంతకం పడేదాకా కుంచె తడపబడదు.

డాక్టరుగారు చదివి ముచ్చటపడ్డారు. హాలు అప్పటికే ఖాళీ చేయించారు. సోఫా వరండాలో నిలువుగా నిలబడి ఉంది. వాళ్లమ్మగారి మంచం వంటింటి గుమ్మం పక్కకు చేరింది. ఆయన 'లేత పసుపు' అని రాసి సంతకం చేశారు.

"ఇంకెవరి మాటైనా చెల్లుతుందాండీ?" అని అడిగాడు మేస్త్రి.

"నాదే చెల్లుతుంది" అన్నారు డాక్టరుగారు. మెల్లగానే అన్నారు గానీ, ఖాళీ హాల్లో మాట బాగా మోగుతుంది.

వంటింట్లో కుళాయి ఆగిపోయింది. డాక్టరుగారి భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎవరి మాట చెల్లుతుందో నేనూ చదువుతాను, ఇలా ఇవ్వండి."

చదివి, భర్త సంతకానికి పైన మిగిలిన సందులో తన సంతకం పెట్టింది.

"ఏమిటమ్మా అది?" అన్నారు అత్తగారు మంచం మీంచి.

"ఏం లేదత్తయ్యా, రంగు కాగితం. మీకెందుకు శ్రమ."

"సంతకానికి శ్రమేముందమ్మా? నా మాట చెల్లదని ఎక్కడైనా రాశారా?"

అలా ఎవరూ రాయలేదు. అయితే ఆవిడకు కాగితం ఇవ్వకపోతే రాసినట్టే అవుతుంది. నిన్నటిదాకా ఆవిడ దృష్టిలో గోడ అంటే వీపు ఆనించుకునేది. ఇప్పుడు కళ్లజోడు పెట్టించుకుని మొదటి అక్షరం నుంచి చదివారు.

"సంతకం పెట్టాక పూచీ నాది కూడానూ. ఈ పసుపు ఎవడు చెప్పాడురా? ఇంటికి కామెర్లు తగిలినట్టుంటుంది. మీగడ రంగు వెయ్యమను."

"రంగు మార్చేదైతే నేనూ లేత ఆకుపచ్చ అడిగేదాన్ని" అంది కోడలు. "ఆయన ముచ్చట ఎందుకు కాదనాలని ఊరుకున్నాను."

"మరి సంతకం పెట్టావుగా."

"పెట్టింది రంగుకి కాదత్తయ్యా, మాటకి."

మేస్త్రి గోడల గుంతలు పూడ్చే లప్పం కలిపిన బకెట్టు మీద తడిగుడ్డ కప్పి, ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అత్తగారు కూతురికి ఫోన్ చేశారు. శుక్రవారం పొద్దున్నే డాక్టరుగారి చెల్లెలు సంచితో సహా దిగింది.

"పుట్టింట్లో నా మాట చెల్లదని కాగితం రాసుకున్నారటగా, అన్నయ్యా."

"ఎవరే అన్నది?"

"ఎవరూ అనక్కర్లేదు. నా సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు. లేత నీలమైతేనే పెడతాను."

మేస్త్రి వరండాలోకి వెళ్లి, నిలబడిన సోఫా చాటున భార్యకు ఫోన్ చేశాడు.

"ఆ మూడో షరతు కొట్టేస్తానే. హాలు కాకపోతే బడి పని పోతుంది."

"కొట్టెయ్యండి. కానీ రెండోది చదివారా?"

"ఏముంది అందులో?"

"ఏది మార్చాలన్నా అందరూ సంతకాలు పెట్టాలి."

"నువ్వే కదే రాసింది."

"అవును. ఎవరూ తప్పించుకోకూడదని గట్టిగా రాశాను."

అతను ధైర్యం చేసి లోపలికొచ్చి, సంతకాలు లేకపోయినా మొదలుపెడతానన్నాడు. అత్తగారు కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నారు.

"ఏం నాయనా, నా వంతు వచ్చేసరికి వద్దా?"

శనివారం నలుగురూ నాలుగు గదుల్లో భోంచేశారు. మేస్త్రి ఖాళీ హాల్లో బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. సాయంత్రానికి బకెట్టులో లప్పం గట్టిపడి, కలిపే కర్ర అందులో నిటారుగా నిలబడిపోయింది.

ఆదివారం హెడ్‌మిస్ట్రెస్ వచ్చారు. పెచ్చులూడిన గోడలను, బకెట్టును, సోఫాను వరసగా చూశారు.  మేస్త్రి పెద్దావిడను బతిమాలి, దిండు కింది కాగితం తెచ్చి హెడ్‌మిస్ట్రెస్ చేతికిచ్చాడు. ఆవిడ రెండుసార్లు చదివారు.

"ముందు మొదలుపెట్టు, తర్వాత చూద్దామని ఎవరూ అనలేదా?"

"డాక్టరుగారు రోజూ అంటూనే ఉన్నారు మేడం. మిగతావాళ్లు ఒప్పుకోక కుంచె ముట్టుకోలేకపోయాను."

"కిందటిసారి మా బడికి రంగులేస్తుంటే కమిటీవాళ్లు పూటకొకరు వచ్చి మార్పించారు. ఆ మేస్త్రి ఎవరేం చెబితే అది వేశాడు. నాకిలాంటి కాగితమే కావాలి. బడి పని మీదే."

మేస్త్రి కళ్లు చెమర్చాయి. రెండు క్షణాల తర్వాత భయం వేసింది.

"మేడం, ఆ మూడో షరతు ఒక్కటి తీసేసి..."

"అసలైంది అదే. అక్షరం మార్చకండి. కమిటీలో అందరిచేతా పెట్టిస్తాను."

"ఎంతమందండీ?"

"పదకొండుమంది. ఇద్దరికి రెండేళ్లుగా మాటల్లేవు. అయినా సభ్యులే."

మేస్త్రి ఇంటికి చేరేసరికి గుమ్మంలోనే భార్య ఎదురొచ్చింది.

"పని వచ్చిందా?"

"వచ్చింది."

"ఎప్పుడు మొదలు?"

"చివరి సంతకం పడగానే" అన్నాడు మేస్త్రి, చెప్పులు విడుస్తూ.

ఆమె ఆ సాయంత్రమే కొత్త కాగితం తీసి, మూడు షరతులూ పొందిగ్గా ఎక్కించి, సంతకాల కోసం కింద ముప్పావు పేజీ వదిలింది.