ఎవరూ వద్దనలేదు

ఆ ఉదయం మరిది వేసుకున్న పథకం చిన్నదే. కాఫీ చల్లారేలోగా పాత గొంతును తీసెయ్యాలి, స్నానం చేసి ఆఫీసుకు పోవాలి.

గొంతంటే, కంప్యూటర్లో ఉన్నదాన్ని చూపులేనివాళ్ళకు చదివి వినిపించే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌లోది. జీతం భత్యం లేకుండా మరిదితో సహా ఏడుగురు కలిసి దాన్ని నడుపుతున్నారు. తియ్యటి కొత్త గొంతు ఉండగా, రేకుడబ్బాలో గులకరాళ్ళలా మోగే పాతది దండగని మరిది మొన్న గుంపులో రాశాడు. ఎవరూ వద్దనలేదు. నిజానికి ఎవరూ చదవలేదు. ఎవరికి వారు మిగతావాళ్ళు చూసుకుంటారులే అనుకున్నారు.

"మౌనం అర్ధాంగీకారమన్నారు. ఆరుగురి మౌనమంటే మూడు పూర్తి అంగీకారాలు" అని గుంపులోని లెక్కల మాస్టారు ఎప్పుడో తేల్చిపెట్టారు. ఆ లెక్క ప్రకారమే మరిది మీట నొక్కాడు. వాడేవాళ్ళందరి కంప్యూటర్లలోనూ పాత గొంతు దానంతటదే మాయమైంది.

పక్క గదిలో వదిన కంప్యూటర్లోనూ మాయమైంది. ఆమె వకీలు, పుట్టుకతోనే చూపులేదు. ఆ రేకుడబ్బా గొంతునే మూడింతల వేగంతో చెవిలో వింటూ కోర్టులో వాదిస్తుంది. ఆ రోజు వాదన నిలవకపోతే ఒక దర్జీ కొట్టు పోతుంది, అతని సంసారం రోడ్డున పడుతుంది.

"మరిదిగారూ, నా కంప్యూటరు జోలపాట పాడుతోందేమిటి?" అంది వదిన. ఆమె అంత నెమ్మదిగా అడిగిందంటే ఇంట్లో అందరికీ హడలే.

"కొత్త గొంతు వదినా. తియ్యగా ఉంటుందని..."

"వేగం పెంచితే మాటలు మింగేస్తోంది. పాతది పెట్టు."

మరిది గుంపును బతిమాలాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అందరూ ఒక్కసారే లేచారు. "తిరిగి పెట్టడమూ నిర్ణయమే కదా, మూడు రోజులు ఆగాలి" అన్నారు మాస్టారు. "తీసినవాడికి అడిగే హక్కుందా?" అంది గుంపులోనే ఉన్న నర్సమ్మ. ఆ హక్కెవరిదో తేల్చడానికి ఒకాయన ఓటింగు పెట్టాడు. ఓటు ఎవరికుండాలన్న దగ్గర గుంపు రెండుగా చీలింది. అందులో ఒక వర్గం వేరు కాపురం పెడతామంది.

పాత సాఫ్ట్‌వేర్‌ను కనీసం వదిన కంప్యూటర్లోకైనా ఎక్కిద్దామని చూశాడు మరిది. అది కళ్ళు తెరుస్తూనే బుద్ధిగా కొత్తదిగా మారిపోయింది. ఆ ఏర్పాటూ అతను చేసిందే. సిగ్గుతో అతనికి తలెత్తబుద్ధి కాలేదు.

"మీ గుంపులో ఆ గొంతు వాడేవాళ్ళెంతమంది?" అడిగింది వదిన.

"ఎవరూ లేరు వదినా. అందరికీ చూపుంది."

"మరి వాడేవాళ్ళను అడిగారా?"

మరిది కంప్యూటరు మూసేశాడు.

"సరే. ఫైళ్ళు పట్టుకుని నడు."

కోర్టులో అతను వదిన చెవి పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. కాస్త నిదానిస్తే చాలు, ఆమె మోచేత్తో పొడుస్తోంది. న్యాయమూర్తి కళ్ళజోడు సవరించుకుని, "ఆయనెవరు?" అన్నారు.

"నా కంప్యూటరండి" అంది వదిన గంభీరంగా.

దర్జీ కొట్టు నిలిచింది. దర్జీ వచ్చి మరిది రెండు చేతులూ పట్టుకున్నాడు. మీ కొంప ముంచబోయింది నేనేనని చెప్పాలనుకున్నాడు మరిది. చదివి చదివి బొంగురుపోయిన గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది.

ఇంటికొచ్చేసరికి గుంపు ఇంకా కొట్టుకుంటూనే ఉంది. వదిన అందులో చేరి ఒక్కటే రాసింది: "ఏదైనా తీసేముందు దానితో బతుకుతున్నవాళ్ళను అడగండి. అడగడమంటే రాసి పడెయ్యడం కాదు, జవాబొచ్చేదాకా ఆగడం." ఒక్కొక్కరే తమ పేరు పెట్టి సరేనని రాశారు.

పాత గొంతు ఆ సాయంత్రమే తిరిగొచ్చింది. మరిది గొంతు రావడానికి మాత్రం వారం పట్టింది.