ఉదయం ఏడూ నలభై: కోపిష్టి తాతగారు, ఉచితం

మొన్న ఉదయం మా గుమ్మం ముందు మెట్ల మీద ఎవరో పారేసుకున్న ఇంగ్లీషు కాగితం దొరికింది. తీరా చదివితే, మూడు రోజుల కొరియా విహారయాత్రలో రెండో రోజు మొట్టమొదటి దర్శనీయ స్థలం నేనే!

అందులో ఇలా ఉంది: "ఉదయం 7:40. కొండవీధిలో నీలం తలుపు ఇల్లు. కోపిష్టి తాతగారు చీపురుతో బయటికి వస్తారు, అరుస్తారు. అసలు సిసలు కొరియా సంస్కృతి. ఉచితం. ఆలస్యంగా వెళ్తే దొరకరు." దాని కింద, ఎనిమిదిన్నరకు రాజభవనం. అంటే రాజులు కూడా నా తర్వాతే!

పాఠకులారా, నేను సామాన్యుణ్ణి కాను. సియోల్‌లో ఒక మగపిల్లల హైస్కూలుకి ముప్పై ఒక్క ఏళ్లు క్రమశిక్షణ మాస్టారిని. రోజూ ఏడూ నలభైకి చంకలో బెత్తంతో గేటు దగ్గర నిలబడేవాణ్ణి. ఆలస్యంగా వచ్చినవాడూ, చొక్కా బయటికి వదిలినవాడూ, జుట్టు చెవుల మీదికి దిగినవాడూ నన్ను దాటి లోపలికి పోలేదు.

రిటైరయ్యాను. పోయిన వసంతం నుంచి సరిగ్గా ఆ టైముకే మా తలుపు ముందు విదేశీయులు గుంపుగా చేరడం మొదలైంది. ఎందుకో అంతుపట్టలేదు. రోజూ చీపురు పట్టుకుని బయటికి పరుగెత్తి అరిచాను. రోజూ ఇంకా ఎక్కువ మంది వచ్చారు! ఒళ్లు మండి, పదింటిదాకా వీధిలోకి యాత్రికులను రానివ్వకూడదని అర్జీ రాసి, మూడు నెలలు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించాను.

కాగితం దొరికాక కళ్లు తెరుచుకున్నాయి. యాత్రికులు వరం!

నవ్వకండి. రాళ్ల బాట మీద వాళ్ల పెట్టెల చక్రాలు దొర్లితే వీధి వీధంతా లేస్తుంది. అలారం గడియారాలు దండగ కాలేదూ? మా పెరట్లో ఆరేసిన చలికాలపు లోపలి పంట్లాం ఫొటో తీసుకున్నారు. ఈపాటికి అది బ్రిస్బేన్‌లో ఎవరి గోడ మీదో "కొరియాలో శరత్కాలం" అన్న పేరుతో వేలాడుతూ ఉంటుంది. మా వంశంలో విదేశాలకు వెళ్లిన మొదటి పంట్లాం అదే! తాతల నాటి మన హన్‌బోక్ దుస్తులు మనం కట్టి ఎన్నాళ్లయింది? మేనకోడలి పెళ్లిలో కట్టాం, అదీ ఫొటో అయ్యేదాకానే. వాళ్లో? గులాబీరంగు పావడాలు ఈడ్చుకుంటూ కాఫీకి వెళ్తున్నారు. సంస్కృతిని కాపాడుతున్నది ఎవరు?

ఇక నా అరుపుల సంగతి. బడిలో అన్నేళ్లు అరిచాను, ఒక్కడైనా మళ్లీ అరవమన్నాడా? పోయిన వారం ఒక జంట వంగి వంగి దండాలు పెట్టి, వీడియో సరిగ్గా రాలేదు, దయచేసి ఇంకోసారి, అని సైగ చేసింది. అరిచాను. రెండోసారే బాగా కుదిరింది!

ఇంత మేలు చేసినవారెవరో కనిపెట్టి తీరాలనుకున్నాను. అనుమానం మొదట మాన్‌సిక్ మీదికి పోయింది. వీధి మొదట్లో హన్‌బోక్‌లు అద్దెకిచ్చే కొట్టు అతనిది. నా పాత శిష్యుడు. నలభై ఆరేళ్లొచ్చినా నన్ను చూడగానే చొక్కా లోపలికి దోపుకుంటాడు.

"ఒరే, ఇది రాసింది నువ్వేనా?"

"ఒట్టు మాస్టారూ, నేను కాదు! నేను రాస్తే 'ఉచితం' అని రాస్తానా?" కాగితం దీపం దగ్గరికి పట్టుకుని చూశాడు. "నిమిషంతో సహా రాశారు. మీ గోడ గడియారం రోజూ చూసేవాళ్ల పని ఇది."

మా గోడ గడియారం చూసేది ఎవరు? నేనూ, మా ఆవిడ బొక్సున్. ఆమె పాపం సెల్‌ఫోన్ కూడా సరిగ్గా పట్టుకోలేదు. దర్యాప్తు అక్కడితో ఆగిపోయింది.

శుక్రవారం వీధి సంఘం సమావేశం. నా అర్జీ మీద ఓటింగు. పరువుగల మనిషిని, నా అర్జీని నేనే ఎలా వెనక్కి తీసుకుంటాను? ఎవరైనా అడ్డుపడితే బాగుండునని లోలోపల దేవుళ్లకు మొక్కుకున్నాను. ముప్పై ఎనిమిది చేతులు అనుకూలంగా లేచాయి. వాటిలో నాదీ ఒకటి.

"వ్యతిరేకులు?" అంది అధ్యక్షురాలు కూ గారు.

ఒకే ఒక్క చెయ్యి లేచింది. మా ఆవిడది!

నా ఛాతీ ఉప్పొంగింది. ముప్పై తొమ్మిదేళ్ల కాపురం ఊరికే పోతుందా? భర్త మనసు చదివేసింది!

"ఏం చెల్లీ, మీ ఆయన అర్జీకి నువ్వే అడ్డమా? రాత్రి గాని పోట్లాడుకున్నారా?" అంది కూ గారు. హాలంతా నవ్వు.

బొక్సున్ లేచి నిలబడింది.

"అక్కా, ఈయన చూపిస్తూ తిరుగుతున్న ఆ కాగితంలో ముక్క రాసింది నేనే. యాత్రికులు చూసే వెబ్‌సైట్‌లో పెట్టాను, వాళ్లు అక్కణ్ణుంచి ఎత్తి రాసుకున్నారు. వృద్ధుల కేంద్రంలో ఫోన్ క్లాసులో నేర్చుకున్నాను. నేను మన భాషలో రాస్తే ఫోనే ఇంగ్లీషులోకి మార్చింది. ఏం చెయ్యమంటావు? అన్నేళ్లూ అరుపులన్నీ బడి గేటు దగ్గరే దింపుకుని వచ్చేవారు. రిటైరైన మర్నాడు ఏడూ నలభైకి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. చెప్పులు వరసలో లేవట, గిన్నె మూత వంకరట, నా జుట్టు చెవుల మీదికి దిగిందట! ఏడాదిన్నర భరించాను. ఇప్పుడు ఆ టైముకి బయటికి పరుగెడుతున్నారు, నేను బార్లీ టీ వేడివేడిగా తాగుతున్నాను. పదింటిదాకా వీధి మూసేస్తే నా గతేం కాను? తప్పు ఒక్కటే చేశాను, ఒప్పుకుంటున్నాను. సాయంత్రం ఆట కూడా ఉందని రాయాల్సింది."