గుడ్ల డబ్బా మీద నిన్‌హైడ్రిన్

ఆ ఉదయం కొత్తమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టాలి, దొంగను పట్టుకోవాలి, సాయంత్రానికి ఉద్యోగం పర్మనెంటు చేయించుకోవాలి.

ప్రోటీన్ల ల్యాబ్‌లో చేరి ఏడాది కావస్తున్నా అందరూ ఆమెను ఇంకా కొత్తమ్మాయనే పిలిచేవారు. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల పూసల దండ. ఆ దండలో లైసిన్ అనే పూసకు మెరిసే రంగు తోక తగిలించడం ఆమె పని. పని చక్కగానే సాగుతోంది. చిక్కల్లా టీ గదిలోని ఫ్రిజ్‌తోనే వచ్చింది. అందులో ఎవరు ఏ డబ్బా పెట్టినా మధ్యాహ్నానికి ఖాళీ. ఈ అమ్మాయి రాకముందు ఇలా లేదని ఎవరో అన్నారు. అంతే, అందరి చూపూ ఆమె మీదికి మళ్లింది.

ముందురోజు ల్యాబ్ హెడ్డుగారు ఎడమచెవి తమ్మె లాక్కుంటూ తీర్పు చెప్పేశారు. ఏ ఆలోచన వచ్చినా ఆయన చెయ్యి ఆ చెవి మీదికి పోతుంది.

"చూడమ్మా, రేపు కమిటీ మేడమ్ వస్తున్నారు. ఈలోగా ఇంకో డబ్బా పోయిందా, నీ పర్మనెంటు ఆర్డరు మీద సంతకం పెట్టను. తిండి దగ్గర నిగ్రహం ఉండాలి. నన్ను చూడు, మా ఆవిడ పథ్యం పెట్టి ఏడాదైంది. కీరా ముక్కలతోనే బతుకుతున్నాను."

అందుకే ఆ ఉదయం వంటింట్లో ఆమె అంత గంభీరంగా నిలబడింది.

"గుడ్లు ఉడకబెట్టి మిరియాలపొడి చల్లానే. ఇవాళైనా నువ్వే తిను," అంది అమ్మ.

"ఇవాళ నేను తినకూడదమ్మా."

"మరి పొద్దున్నే లేచి వొలిచింది ఎవరికోసమే?"

"దొంగ కోసం."

అమ్మ మిరియాలపొడి సీసా పక్కన పెట్టింది. "ముందే చెప్తే ఉప్పు ఎక్కువేసేదాన్ని కదా!"

ల్యాబ్‌కు అందరికంటే ముందు వెళ్లి, గ్లవ్స్ తొడుక్కుని, డబ్బా మూత పైన నిన్‌హైడ్రిన్ ద్రావణం పూసింది. లోపలికి చుక్క పోనివ్వలేదు. దొంగకైనా కడుపునొప్పి రాకూడదు కదా. ఆ మందు ఆరాక కంటికి కనబడదు. చెమటలోని అమైనో ఆమ్లాలు తగిలితే మాత్రం కాసేపటికి వంకాయ రంగు తేలుతుంది. ఇక సబ్బుకు లొంగదు, పైచర్మం రాలిపోయేదాకా ఉంటుంది. ఒక పూత చాలేది. కానీ ఉద్యోగం గుర్తొచ్చి, గోడకు సున్నం వేసినట్టు ఇంకో పూత వేసింది. ఆ గ్లవ్స్ చెత్తబుట్టలో పడేసి, చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు వెళ్లి కూర్చుంది.

మధ్యాహ్నానికి డబ్బా ఖాళీ అయింది. ఆమె టీ గదిలోనే నిలబడి, వచ్చినవాళ్ల చేతులు చూడసాగింది. అంతలో స్టోర్స్ చూసే పెద్దాయన టీ కప్పు అందుకున్నాడు. అరచెయ్యి వంకాయలా ఉంది.

"బాబాయ్, మీరా!"

"నేనే. ఎందుకలా చూస్తావ్, దెయ్యాన్ని చూసినట్టు?"

"నా గుడ్లు..."

"రామ రామ! గుడ్డు వాసనకే నాకు దద్దుర్లొస్తాయే తల్లీ!"

ఆయన చేతులు దాచుకునేలోపు సీనియర్ అక్క వచ్చింది. ఆమె వేళ్లూ ఊదా రంగే. "ఇదేం జబ్బే? ఎంత తోమినా పోవట్లేదు!" అని ఏడుపు మొహం పెట్టింది. వాచ్‌మన్ వచ్చి రెండు చేతులూ చాచి, సెలవు కావాలన్నాడు. కొత్తమ్మాయి బిక్కచచ్చిపోయి తన చెయ్యి చూసుకుంది. అదీ ఊదా రంగే.

సరిగ్గా అప్పుడే కమిటీ మేడమ్ తలుపు తోసుకుని వచ్చారు. ఫైలు తిరగేస్తూ, టీ తాగుతూ చాలాసేపు కూర్చున్నారు. చివరికి తన అరచెయ్యి చూసుకుని ఉలిక్కిపడ్డారు.

"ఏంటిది? మీ తలుపుకి రంగేశారా?"

హెడ్డుగారు పరుగున వచ్చారు. ఇక దాచి లాభం లేదని కొత్తమ్మాయి నీళ్లు నములుతూ ఉన్నదంతా చెప్పేసింది. విన్నకొద్దీ ఆయన మొహం వెలిగిపోయింది. తెల్లటి అరచేతులు రెండూ పైకెత్తి చూపించారు.

"చూశారా మేడమ్! ఈ భవనంలో మచ్చలేని చేతులు ఇవే. మిగతావాళ్లంతా దొంగలు. వాళ్లకి నాయకురాలు ఈ పిల్ల!"

"నేనూ దొంగనేనా అండీ?" అన్నారు మేడమ్, అరచెయ్యి ముందుకు చాపి.

హెడ్డుగారు నాలుక కరుచుకున్నారు. కొత్తమ్మాయి మాత్రం ఆ తెల్లటి చేతులకేసే చూస్తోంది. మూత మీది మందు తలుపు పిడి మీదికి ఎలా నడిచొచ్చింది? గ్లవ్స్‌తో తలుపులు ముట్టుకోకూడదని గోడమీద ఎర్రక్షరాలతో రాసి ఉంది కదా!

"సార్," అంది సన్నటి గొంతుతో. "మన నీలం గ్లవ్స్‌లో ప్రోటీన్ ఉండదు. వాటికి ఈ మందు అంటినా రంగు రాదు. ఆ గ్లవ్స్‌తోనే తలుపులూ, కుళాయిలూ, టీ కెటిలూ పట్టుకుంటే, తర్వాత ముట్టుకున్నవాళ్లకి రంగొస్తుంది."

"అంటే?" అన్నారు మేడమ్.

"అంటే... దొంగ చేతులే శుభ్రంగా ఉంటాయండి."

అందరి తలలూ ఒక్కసారిగా తిరిగాయి. హెడ్డుగారి చేతులు చటుక్కున జేబుల్లోకి దూరాయి.

"నాన్సెన్స్! సాక్ష్యం ఏది?" అని గర్జించారు. గర్జిస్తూనే, అలవాటు కొద్దీ, ఒక చెయ్యి జేబులోంచి బయటపడి ఎడమచెవి మీదికి పోయింది. అందరి చూపులూ దాని వెంటే వెళ్లాయి.

స్టోర్స్ బాబాయ్ దగ్గరికి వచ్చి, కళ్లజోడు సర్దుకుని, వినయంగా వంగి చూశాడు.

"సార్, తమరి చెవి బ్రహ్మాండంగా పండింది."

తమ్మె నిగనిగలాడుతోంది, లేత వంకాయలా.

మేడమ్ ఆర్డరు కాగితం ఆయన ముందుకు జరిపి, పెన్ను మూత తీసి అందించారు. హెడ్డుగారు సంతకం పెట్టారు, ఈసారి గ్లవ్స్ లేకుండానే.

ఆ వారమంతా ఆయన మండుటెండలో కూడా చెవులు మూసే ఉన్ని టోపీతో తిరిగారు. అడిగినవాళ్లకు చెవిపోటు అన్నారు. అందరూ పాపం అన్నారు. ఫ్రిజ్‌లో డబ్బాలు మాత్రం ఆ తర్వాత ఎక్కడివక్కడే ఉన్నాయి.

సంగతంతా విన్న అమ్మ మర్నాటినుంచి డబ్బాలో ఒక గుడ్డు ఎక్కువే పెడుతోంది. పథ్యం చేసేవాళ్లకు ఆకలి ఎక్కువట.